ఎడమ చేతికి అమరిన టాబ్లెట్

మా ఆవిడకు నలభై మూడో ఏట కాలేజీలో సీటు వచ్చింది. ప్రాక్టికల్ నర్సింగ్, రెండేళ్ళ కోర్సు. అప్లై చేసిన సంగతి కూడా సీటు వచ్చాకే నాకు చెప్పింది. “రాకపోతే ఎవరికీ తెలియక్కర్లేదు కదా అనుకున్నానండీ” అంది.

పెళ్ళికి ముందు ఆమె గుంటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేది. కెనడా వచ్చాక ఆ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. ఎటోబికోలో మా ఇంటికి దగ్గరగా, విమానాల్లో వడ్డించే భోజనాలు ట్రేల్లో సర్దే కిచెన్ ఒకటుంటే అందులో చేరింది. ఏదో కొన్నాళ్ళే అనుకున్నది తొమ్మిదేళ్ళయింది.

కాలేజీ వాళ్ళు పంపిన ఈమెయిల్లో కావలసిన వస్తువుల జాబితా ఉంది. యూనిఫాం, తెల్ల బూట్లు, స్టెతస్కోపు, చివర్లో ఒక టాబ్లెట్.

“ఆ టాబ్లెట్ సంగతి నాకు వదిలెయ్” అన్నాను. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. మా బంధువుల్లో ఎవరు ఫోన్ కొన్నా ముందు నన్నే అడుగుతారు.

“సరేనండీ” అంది.

ఆ వారమంతా నేను ఒక పట్టిక తయారుచేశాను. ప్రాసెసర్, మెమరీ, స్క్రీన్, బ్యాటరీ, అన్నిటికీ గడులు. రివ్యూ వీడియోలు చూశాను. చివరికి అన్నిటికన్నా పెద్దది, కొత్తగా వచ్చినది ఒకటి ఖాయం చేశాను. పదకొండో తరగతి చదివే మా అమ్మాయి నా భుజం మీదుగా చూసి, “నాన్నా, డిడ్ యూ ఈవెన్ ఆస్క్ హర్?” అంది.

“అడగడానికేముంది? ఉన్నవాటిలో బెస్ట్ ఇదే” అన్నాను.

అదే వారంలో మా ఆవిడ ఏం చేసిందో నాకు తర్వాత తెలిసింది. కిచెన్లో ఆమె పక్కన ట్రేలు సర్దే అమ్మాయి ఒకతె కరీంనగర్ నుంచి వచ్చి చదువుకుంటోంది. మా ఆవిడ బ్రేక్‌లో ఆ అమ్మాయిని కదిపింది. ఆ పిల్ల మర్నాడు తన టాబ్లెట్ తెచ్చి చూపించింది.

“అక్కా, పెద్దగున్నదని, కొత్తదని కొనకు” అందట. “మా క్లాస్ల ఒకామె గట్లనే కొన్నది. ఎగ్జామ్ యాప్ దాంట్ల ఓపెనే కాలే. ఫస్టు కాలేజోళ్ళకు ఫోన్ చేసి అడుగు.”

మా ఆవిడ ఫోన్ చేసింది. నలభై నిమిషాలు లైన్లో వేచి ఉండి, అవతలి మనిషి దొరికాక అడగవలసినవన్నీ అడిగి, ఏయే మోడళ్ళు పనికొస్తాయో ఈమెయిల్లో రాసి పంపమంది. వాళ్ళు పంపారు. నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

శనివారం పొద్దున్నే ముగ్గురం షాపుకు వెళ్ళాం. సేల్స్‌లో మా వయసే ఉన్న ఒకావిడ ఎదురొచ్చింది. నేను నా పట్టిక తెరిచి ప్రాసెసర్ గురించి మొదలుపెట్టాను. ఆవిడ, నేను ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం. మా ఆవిడ ఆగి ఆగి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి, అడగవలసినవన్నీ రాసుకున్న నాలుగు మడతల కాగితం తీసింది.

“ఒక్క నిమిషం ఉండండీ” అని నాతో అని, నేను ఎంచిన పెద్ద టాబ్లెట్ ముందుకు వెళ్ళి నిలబడింది. స్క్రీన్ మీద రాసే దాని పెన్ను ఎడమ చేత్తో పట్టుకుంది.

మా ఆవిడది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు మేస్టారు వేళ్ళ మీద కొట్టినా మానలేదట. అలా రాసేవాళ్ళ చెయ్యి, రాసినదాని మీదుగానే జరుగుతుంది. ల్యాబ్‌లో రిజిస్టర్లు రాసే రోజుల్లో అరచేతి అంచున ఎప్పుడూ ఇంకు మరక ఉండేదని ఆమే చెప్పేది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన నాకు, నా పట్టికలో దానికో గడి పెట్టాలని తోచలేదు.

ఆమె రెండు వాక్యాలు రాసేసరికి అరచెయ్యి తగిలి పేజీ పక్కకు జరిగింది. అక్కడక్కడ పిచ్చిగీతలు పడ్డాయి. సేల్సావిడ సెట్టింగ్ ఏదో మార్చింది. కాస్త నయమైంది, అంతే.

“మేం కాలేజీ ల్యాబ్‌లో నిలబడి నోట్స్ రాసుకోవాలి. కూర్చోవడానికి ఉండదు. ఒక చేత్తో ఎంతసేపు పట్టుకోగలనో చూస్తాను, బల్లకు కట్టిన ఈ వైరు తీస్తారా?” అని ఇంగ్లీషులో అడిగింది. సేల్సావిడ తాళం తెచ్చి వైరు విప్పింది. మా ఆవిడ దాన్ని కుడి ముంజేతి మీద ఆన్చుకుని షాపులో అటూ ఇటూ నడిచింది. కాసేపటికే తిరిగొచ్చి దింపేసింది. “చెయ్యి లాగేస్తోంది” అంది.

ఆ తర్వాత అడిగింది పరీక్ష యాప్ గురించి. సేల్సావిడకు తెలియదు. మా ఆవిడ తన ఫోన్లో కాలేజీ వాళ్ళ ఈమెయిల్ తెరిచి చూపించింది. అందులో ఉన్న మోడళ్ళలో నేను ఎంచినది లేదు.

నా చెవులు వేడెక్కాయి. మా అమ్మాయి నావైపు చూసి నవ్వాపుకుంటోంది. కానీ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్క టాబ్లెట్ మీదా ఎడమ చేత్తో రాసి చూస్తున్న ఆ మనిషిని చూస్తుంటే గుండె నిండిపోయింది. నాలుగో దాని మీద ఆమె వాక్యం రాయలేదు. బొమ్మ వేసింది. మూత్రపిండం, దానిలోకి వెళ్ళే ధమని, వచ్చే సిర, కిందికి దిగే నాళం. ఇంగ్లీషులో పేర్లు రాసి, పక్కన తెలుగులో కూడా రాసుకుంది. చెయ్యి స్క్రీన్ మీద ఆనినా ఒక్క పిచ్చిగీత పడలేదు. అది మధ్యరకం సైజు, కిందటేడు మోడల్.

“ఇదేనండీ” అంది.

బిల్లు వేయబోతూ సేల్సావిడ ఆగి, “ఆ కాగితం ఫోటో తీసుకోవచ్చా? రోజూ ఎంతోమంది స్టూడెంట్లు వస్తారు. ఇలాంటివి అడిగినవాళ్ళు లేరు” అంది.

మా ఆవిడ ముఖం ఎర్రబడింది. “అందులో స్పెల్లింగ్ తప్పులుంటాయి” అంటూనే కాగితం ఇచ్చింది.

క్లాసులు మొదలయ్యాయి. కిచెన్ పని వారాంతాలకు మార్చుకుంది. మొదటి పరీక్ష ఇంట్లోంచే రాయాలి. బెడ్‌రూం తలుపు వేసుకుని కూర్చుంది. నేనూ అమ్మాయీ హాల్లో టీవీ కూడా పెట్టలేదు. యాప్ తెరుచుకుందా, మధ్యలో ఆగిపోతుందా అని నాకే దడ. రెండు గంటల తర్వాత తలుపు తీసుకుని వచ్చి, “ఆకలేస్తోంది, ఏమైనా ఉందా?” అంది. పెరుగన్నం కలిపి ఇచ్చాను. అంతా తిన్నాక చెప్పింది, అన్నిటికీ జవాబులు రాశానని.

క్లాసులో చాలామంది ఇరవై ఏళ్ళ పిల్లలు. మార్కుల్లో అందరిలోకీ ఆమెది రెండో స్థానం. ఆమె వేసుకున్న బొమ్మలు చూసి టీచర్ అడిగి తీసుకుని క్లాసంతటికీ పంపిందట. ఈ ముక్క మా ఆవిడ నాకు చెప్పలేదు. అమ్మాయికి చెప్పింది. అమ్మాయి ఇప్పుడు బయాలజీ పరీక్ష వస్తే, “అమ్మా, కెన్ ఐ సీ యువర్ నోట్స్?” అంటూ తల్లి పక్కకు చేరుతుంది.

నేను ఆఫీసులో ఈ సంగతి చెప్పని మనిషి లేడు. మాట ఎటు తిప్పినా ‘మా ఆవిడ రెండో సెమిస్టర్’ దగ్గరికి తెస్తానని అందరూ ఆటపట్టిస్తారు. పట్టించనీ.

మొన్న ఏజాక్స్‌లో ఉండే మా కొలీగ్ ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి ఆర్కిటెక్చర్‌లో చేరుతున్నాడు.

“గురూ, ఏ టాబ్లెట్ కొనమంటావ్?” అన్నాడు.

“నన్నడక్కు. మా ఆవిడకిస్తున్నా ఉండు” అని ఫోన్ ఆమె చేతికిచ్చాను.

ఆమె స్పీకర్ పెట్టి, కూర తరుగుతూనే మాట్లాడింది. “అన్నయ్యగారూ, ముందు బాబునే పిలవండి. వాడు ఎలా రాస్తాడు, ఎక్కడ కూర్చుని చదువుతాడు, కాలేజీ వాళ్ళు ఏమన్నారు, అవి తెలియకుండా నేనేం చెప్తాను?”

అవతల అబ్బాయి లైన్లోకి వచ్చాడు. ఇరవై నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి వింటూ బీన్స్ ఈనెలు తీశాను.