ఎర్ర వైరు తూర్పు గోడకు, నల్ల వైరు పడమటి గోడకు

బాపు చెవులు పోయాయని ఇంట్లో మొదట అన్నది నేనే. నవ్వుతూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పురానాపూల్ దగ్గర మాది పాల ఇల్లు. బర్రెలు ఒక్కొక్కటే తగ్గి చివరికి ఒకటి మిగిలింది, అదీ సూడిది. తెల్లవారకముందే లేచే బాపు, చీకటి పడగానే కొట్టం పక్క గదిలో పడుకుంటాడు. ఆయన రేడియో వినేది పాలు పోసి వచ్చాక, ఎండెక్కిన తర్వాత.

పోయిన ఎండాకాలం మేడ మీద సోలార్ పెట్టించాను. ఎలక్ట్రీషియన్ రెండు వైర్లనూ ఒకే పైపులో దించబోతే లొల్లి చేశాను. మా ఇంట్లో రెండు వైర్లు ఒక్క మేకుకు పోకూడదు. నా చిన్నప్పుడు కొట్టంలో అలా పోయిన వైర్లు ఒరుసుకుని, ఇనుప రేకుకు కరెంటొచ్చి ఒక బర్రె చచ్చిపోయింది. బాపు ఆనాడు పెట్టిన కట్టుబాటు అది.

“దోనో ఏకీచ్ పైప్‌లో పోవాలె భాయ్. గిట్ల ఇల్లంత తిప్పొద్దు,” అన్నాడతను.

“మా ఇంటి సంగతి నాకెర్క లేదా? చెప్పినట్టు చెయ్ భాయ్,” అన్నాను.

ఎర్ర వైరు తూర్పు గోడ వెంట, నల్ల వైరు పడమటి గోడ వెంట దిగాయి. మధ్యలో బాపు గది.

వారం తిరక్కముందే రేడియోలో గుయ్‌మని మోత వస్తోందన్నాడు బాపు. నేనూ నా భార్యా పొద్దున్నే పనులకు పోయి చీకటి పడ్డాకే వచ్చేవాళ్లం. ఆయన పడుకున్నాక పెట్టి చూస్తే రేడియో ఖణేల్‌మని పలికింది.

“రేడియో మంచిగనే ఉంది బాపూ, నీ చెవులే ముసలివైనయ్,” అని మర్నాడు ఆటపట్టించాను. అయినా కొత్త రేడియో తెచ్చాను. దాంట్లోనూ అదే మోత అన్నాడు. ఇంకేం, నా మాటే ఖాయమైపోయింది.

బాపు రేడియో పెట్టడమే మానేశాడు. కొద్దిరోజులకు అక్కకు కబురు చేసి, బర్రెను జల్‌పల్లిలో వాళ్లింటికి తోలించాడు.

“ఈనేటప్పుడు మూలుగుతది. చెవులు పోయినోని తాన ఎందుకది?” అన్నాడు. నేను అడ్డు చెప్పలేదు. ఒక ఫికర్ తీరిందనుకున్నాను కూడా.

అక్కడ అది రాత్రిపూట ఈనింది. ఎవరికీ మెలకువ రాలేదు. తెల్లారి చూస్తే, మూతి మీది పొర తీసేవాళ్లు లేక దుడ్డె ఊపిరాడక చచ్చిపోయి ఉంది.

ఆ తర్వాతి వారం నాకు జ్వరమొచ్చి పగలు ఇంట్లో ఉన్నాను. ఏమీ తోచక బాపు రేడియో పెట్టాను. గుయ్‌మంది. నా చెవులకే వినిపించింది! చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి పోతే, ఎర్ర వైరు పక్కన చెవులు చిల్లులు పడేట్టు అరిచింది. రేడియోతోనే మేడెక్కి సోలార్ స్విచ్ ఆపాను. మోత ఆగింది. మళ్లీ వేశాను. మళ్లీ మోత. రాత్రిపూట సోలార్ పనిచేయదు; అందుకే నేను పెట్టి చూసినప్పుడు మోత రాలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నన్ను తిట్టినా బాగుండేది.

“రెండు వైర్లు జంటగ పోతే ఒకదాని మోతను ఇంకోటి మింగుతది భాయ్. నువ్వేమో నడుమల ఇల్లు పెట్టినవ్. బాపు గది చుట్టు పెద్ద రింగై, మోతంత నడుమల ఉన్న రేడియోల పడ్డది,” అన్నాడు. రెండింటినీ మెలేసి, మందపాటి పైపులో ఒరుసుకోకుండా తిన్నగా కిందికి దించాడు. పూట కూడా పట్టలేదు.

ఎండ నడినెత్తిన ఉండగా బాపు ముందు రేడియో పెట్టాను. మాట మాట స్పష్టంగా వచ్చింది.

“నీ చెవులకు ఏం కాలె బాపూ. తప్పంత నాది,” అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను.

కాసేపు విన్నాడు. తనే కట్టేశాడు. ఖాళీ కొట్టం వైపు చూస్తూ అన్నాడు:

“అంటే... అది ఈడనే ఈనితే నాకు ఇనబడుతుండె గదరా.”