స్వప్న ‘ఒస్తా’ అన్న పాపానికి

తెలుగు నేర్చుకుంటున్న మా కెన్యా స్నేహితురాలు మేరీకి ఊరు చూపిద్దామని నేనూ, నా దోస్తు స్వప్నా ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లాం. గాజుల కొట్టు దగ్గర స్వప్న "ఒస్తా మేరీ" అని ఇంటికి వెళ్లిపోయింది. మేరీ వెనకే ఉందనుకుని నేను నడిచాను. మెట్రో మెట్ల దగ్గర తిరిగి చూస్తే లేదు. ఫోన్ స్విచాఫ్. ఆ జనంలో వెతుక్కుంటూ వెనక్కి వచ్చాను. కొట్టు ముందే నిలబడి ఉంది.

"జర చెప్పొద్దా? ఎంత పరేషానైన!"

"స్వప్న వస్తానంది కదా. రాలేదు."

మేం పోయేటప్పుడు కూడా ‘ఒస్తా’ అనే అంటామని వివరించాను.

సాయంత్రం ఎల్బీనగర్‌లో ఆమెను గది దగ్గర దింపి, అలవాటుగా "ఒస్తా" అనేశాను.

"అంటే ఇక రావా?" అంది బిక్కమొహంతో.

అయినా ‘పోతా’ అనడానికి నాకు నోరు రాలేదు. మీకొస్తుందా?