ఐదో అంతస్తుకు ఆధారం

అచ్యుతరామయ్య గారు వృత్తిరీత్యా ధనవంతులు. సినిమాల్లో పుట్టినరోజు పార్టీలకు, నిశ్చితార్థాలకు కోటు వేసుకుని హాజరై, హీరోయిన్ తండ్రికి గుండెపోటు రాగానే నలుగురితోపాటు అటు తిరిగి చూసేవారు. జూనియర్ ఆర్టిస్టుల్లో ఇలాంటివారిని 'రిచ్' అంటారు. బిచ్చగాళ్ల వరసలో నిలబెట్టరు. షూటింగు లేని రోజుల్లో ఆయన రహమత్ నగర్‌లోని ఒంటిగది అద్దె ఇంట్లో, భార్య సత్యలక్ష్మి ఎదుట, అదే ముఖంతో కూర్చునేవారు. వీధి వీధంతా ఆయన్ని పెద్దమనిషి అనుకునేది. ఆయన కాదనేవారు కారు.

1993లో ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు. సరిగ్గా అప్పుడే సర్కారువారికి పేదల మీద, బిల్డర్ల మీద ఏకకాలంలో దయ కలిగింది. అపార్టుమెంటు కింద ఒక చిన్న ఫ్లాటు చౌకగా పేదవాడికిస్తే, పైన ఐదో అంతస్తు వేసుకోవచ్చునన్నారు. పేదవాడంటే నెలకు వెయ్యి రూపాయలు మించి రానివాడు. ఫిల్మ్‌నగర్‌లో అపార్టుమెంటు కడుతున్న పట్టాభిరామయ్య ఆ అంతస్తు మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. అతని కింది ఫ్లాటుకు సత్యలక్ష్మి భర్త పేరున దరఖాస్తు పెట్టింది. ఇంట్లో ఉన్న ఆయన ఒకే ఒక్క ఫోటో, కోటుది, అంటించింది. ఆఫీసువారు అనుమానపడి విచారణ వేశారు.

పట్టాభిరామయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఈ ఫోటో? నా బిల్డింగు మొత్తం కొనేసేలా ఉన్నారు! రేపు ఆఫీసరొస్తాడు, కాస్త పేదగా ఉండండి."

"పేదగా అంటే ఎలాగండీ?"

"మీరు ఎలా ఉన్నారో అలాగే!"

"అది నేనెప్పుడూ చెయ్యలేదండీ."

మర్నాడు పొద్దున్నే బాలనర్సయ్య అనే ఆ ఆఫీసరు వచ్చి, గదిలో చోటు చాలక వీధిలోనే కుర్చీ వేయించుకున్నాడు. జనం మూగారు.

"గీ ఫోటోల కోటేసుకున్నది మీరేనా? ఏం పని జేస్తరు?"

"సినిమా ఫీల్డండీ."

"నెలకు ఆమ్దానీ ఎంత?"

అచ్యుతరామయ్య గారు ఆకాశం వైపు చూశారు. పక్కింటి దేవమ్మకు కోపమొచ్చింది.

"గంత పెద్దమనిషిని గిట్ల అడుగుతరా సారూ? ఆయనకేం తక్కువ!"

ఆయన ముఖం వెలిగింది. ఆఫీసరు ఫైలు మూయబోయాడు. గుమ్మంలోంచి సత్యలక్ష్మి, "చెప్పండి. గది ఖాళీ చేశాక సామాను ఎక్కడ పెడతారో అదీ చెప్పండి" అంది.

ఆయన పెదవులు కదిపారు.

"జర గట్టిగ చెప్పుండ్రి. వినొస్తలేదు."

తొమ్మిదేళ్ల చిత్రజీవితంలో అచ్యుతరామయ్య గారిని నోరు తెరవమన్న మహానుభావుడు ఇతనొక్కడే. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏడు వందలు! అదీ షూటింగులుంటే!"

వీధి చివర టీకొట్టు దాకా వినిపించింది. ఆఫీసరు తృప్తిగా రాసుకున్నాడు.

"ఓయమ్మో!" అంది దేవమ్మ అచ్యుతరామయ్య గారి వైపు తిరిగి. "మా ఆయన సుతారి పనికి పోయి, గోడలు కట్టి పదకొండొందలు తెస్తడు. ఇన్నొద్దులు నేను నీకు దండాలు పెడితిని గద సారూ!"

ఫ్లాటు కాగితం ఆ వారంలోనే వచ్చింది. ఐదో అంతస్తూ లేచింది. అయితే ఇవన్నీ కాకముందే, ఆ మధ్యాహ్నమే, దేవమ్మ గిన్నెడు పప్పుచారు పంపింది.

"మనకెందుకే ఇది?" అన్నారాయన నొచ్చుకుంటూ.

"తినండి. మీరే కదా ఊరందరికీ చెప్పారు."

రెండు ముద్దలు తిని, "పులుపు కాస్త ఎక్కువేసిందే" అన్నారు. ఆ మాట గోడ అవతలికి వినబడిందేమోనని భయపడి, గొంతు తగ్గించి, మరో గరిటె వేయమన్నారు.