తోక కోసిన ముడి

మా పెద్దబాపు పోయాడు. సూరత్ భేస్తాన్‌లో నేను పనిచేసే సాంచాల షెడ్డుకు, అంటే మరమగ్గాల షెడ్డుకు, ఫోన్ వస్తే సేఠ్ ఎత్తాడు. విని, నావైపు చూసి, మగ్గం ఆపమని సైగ చేశాడు. నడిచే మగ్గాన్ని ఆపమనే మనిషి కాడాయన. డిండోలిలో ఇల్లు చేరేసరికి పెద్దబాపును చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. గుండె ఆగిందన్నారు.

ఆయన మా నాన్నకు అన్న. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన నేతగాడు. ఈ దశాబ్దం మొదట్లో బొంబాయి ఏజెంటు ఒకడు వలలు బాగుచేసే మనుషుల కోసం వెతుకుతుంటే, "నూలైనా వలైనా పోగు పోగే గదా" అని ఓడెక్కాడు. నార్వేకు పైన, చలికాలంలో పొద్దే పొడవని సముద్రంలో చేపలు పట్టే ఓడ. అంతకుముందు సముద్రమంటే సూరత్ పక్కనున్న డుమాస్‌లో భజియాలు తినడమే తెలుసు ఆయనకు!

తిరిగొచ్చాక ఎడమచేతి రెండు వేళ్లు వంగేవి కావు. రంగునీళ్లు పోసిన ఐసు అమ్మే బరఫ్ గోలా బండి ఎదురైతే గల్లీ అవతలి వైపుకు జరిగేవాడు. మేం ఏడిపించేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

సాంచా మీద పోగు తెగితే మేం చిన్న ముడి వేసి, మిగిలిన తోకల్ని మొదలంటా కత్తిరిస్తాం. బట్టలో ముడి కనపడితే మాల్ వాపస్ వస్తుంది. నాకు ఈ పని నేర్పిందే పెద్దబాపు. ఓడ నుంచి వచ్చాక మాత్రం ఆయనే తోకలు వదిలేసేవాడు. ఒకరోజు సేఠ్ ఆ బట్టను ఆయన ముఖం మీదికి చాపి అరిచాడు.

"కైంచీ నహీ హై క్యా? కల్ సే మత్ ఆనా!"

పెద్దబాపు కత్తెర తీసుకున్నాడు. తోక పట్టుకున్నాడు. కత్తెర తెరిచాడు గాని కోయలేకపోయాడు. షెడ్డంతా చూస్తోంది. నాకు ఒళ్లు మండి, కత్తెర లాక్కుని నేనే కత్తిరించి, ఆయన్ను చాయ్ బండి దగ్గరికి లాక్కుపోయాను.

"ఏంది పెద్దబాపూ గిట్ల? పని పోతదని ఎర్క లేదా?"

"తోక కోస్తే ముడి జారుతది కొడుకా."

అప్పుడు చెప్పాడు. అక్కడ ఓడమీద పడిన నీళ్లు పడినట్టే గడ్డకడతాయట. ఆ బరువు పెరిగితే ఓడ బోర్లా పడుతుంది. అందుకే కట్టె సుత్తెలతో మంచు పగలగొట్టాలి. గాలివాన రోజున ఎర్ర గడ్డం మనిషి ఒకడు నడుముకు తాడు కట్టుకుని ఓడ అంచుకు బయల్దేరాడు. తాడు చాలలేదు. పెద్దబాపు చేతి తొడుగులు తీసి, ఇంకో ముక్క ముడివేసి, సాంచా మీది అలవాటుకొద్దీ తోకల్ని నున్నగా కోసేశాడు.

అల కొట్టింది. ఆ మనిషి కమ్మీల కిందినుంచి జారి బయట వేలాడాడు.

"ముడి నా కండ్ల ముంగటనే జారుతాంది. కూత పెడ్తే గాలి మింగుతాంది."

ముడికి అవతల తాడును ఉత్త చేతులతో దొరకబుచ్చుకున్నాడు. వెనక ముడి ఊడిపోయింది. ఇక ఆ మనిషి ప్రాణం ఈయన పిడికిళ్లలోనే ఉంది. కాళ్లు అంచుకేసి జారుతున్నాయి.

"ఇడిస్తే నేను బతుకుత. గా మాట మనసుల పడ్డది కొడుకా, అబద్ధమెందుకు?"

విడవలేదు. మిగతావాళ్లు వచ్చి నడుము పట్టుకుని ఇద్దర్నీ లాగేసరికి చేతులకు స్పర్శ లేదు. పెద్దబాపంటే నాకు ప్రేమ ఎప్పుడూ ఉంది. ఆ రోజు చాయ్ చల్లారిపోతుంటే ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

"మరి ఆయినకు చెప్పినవా, ముడి నీదేనని?"

ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దబాపు ఊడిన కొసను అతని ముందు పెట్టి, రొమ్ము కొట్టుకుని చూపించాడు. నేనే, నేనే అని. అతను కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. కొడతాడని పెద్దబాపు కళ్లు మూసుకున్నాడు.

అతను తన కోటు గుండీలు పీకి, లోపలి అంగీ పైకెత్తి, గడ్డకట్టిన ఆ రెండు చేతుల్నీ తన పొట్టకు అదుముకున్నాడు.

"ఆయిన పొట్ట గజగజ వణుకుతాంది. అయినా నా చేతులు ఇడువలే."