కొవ్వు ఎవరికుంది?

మా హెడ్డుగారు స్థూలకాయం మీద పాఠం చెబుతుంటే, ఆయన చొక్కా మూడో గుండీ ఎప్పుడు ఊడుతుందా అని ముందు బెంచీ పిల్లలు కనిపెట్టుకుని కూర్చునేవాళ్ళు. పాఠమంతా విదేశీ పుస్తకంలోది. కూర్చుని చేసే పనివాళ్ళకు ఒళ్ళు పెరుగుతుంది కాబట్టి వాళ్ళకు ముందే జాగ్రత్తలు చెప్పాలి, అదీ సారం. ఎనభైల్లో మెడికల్ కాలేజీలో నేను ఆయన కింద సామాజిక వైద్యం చెప్పే లెక్చరర్ని. ఏటా రెండు వారాలు ఆఖరి సంవత్సరం పిల్లల్ని కామారెడ్డిలో దింపి చుట్టుపక్కల ఊళ్ళు తిప్పడం నా పని. ఆ ఏడు ఆయనకు ఓ గొప్ప ఆలోచన వచ్చింది. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవనివాళ్ళెవరు? బీడీలు చుట్టే ఆడవాళ్ళు. కాబట్టి స్థూలకాయం ఎల్లారెడ్డి బీడీల గల్లీలో దొరికి తీరాలి.

నేను బీబీపేటలో పుట్టినదాన్ని. ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరించే ఆడవాళ్ళ మెడ ఎముకలు చూస్తూ పెరిగాను. "సార్, ఆ గల్లీలో లావుపాటి మనిషి కనపడితే మిగతావాళ్ళంతా చూడ్డానికొస్తారు" అన్నాను. "అది నీ అభిప్రాయం. మనకు కావాల్సింది సర్వే" అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

ఇక పిల్లలు. కామారెడ్డి బస్టాండులో మిర్చీబజ్జీలు లాగించి, ఊరి నీళ్ళు పడవని సోడాలు తాగి, సీటు కోసం బస్సు కిటికీలోంచి జేబురుమాళ్ళు విసిరే రకం. బరువు తూచే మిషను ఒకటి చేతికిచ్చాం. ఇనపది, మోయాలి. కాబోయే డాక్టర్లు మోస్తారా? రెండోరోజు నుంచి అది మా బసలో తలుపు వెనకే ఉండిపోయింది. తూచకుండా స్థూలకాయం ఎట్లా తేలుతుంది? అడిగితే తేలుతుందట. స్థూలకాయమన్న మాట గల్లీలో ఎవరికీ అర్థం కావడంలేదని వాళ్ళలో తెలివిగలవాడొకడు ప్రశ్నను తేలిక చేశాడు. "మీ ఇంట్లో కొవ్వు ఎక్కువ ఎవరికుంది?" దాని కింద మరో గడి, "ఈ సంగతి చెప్పినవారు ఎవరు?" కాగితం సంతకానికి నా దగ్గరికి వచ్చింది. నేను టీ తాగుతూ బస్సు వేళ చూసుకుంటున్నాను. సంతకం గీకి ఇచ్చేశాను.

కొవ్వు ఎక్కువైందంటే తెలుగు వచ్చిన ఎవరికైనా పొగరనే అర్థం. వాడికీ ఆ తెలుగు వచ్చు. తెల్లకోటు తొడుక్కున్నాక మరిచిపోయాడు, అంతే.

ఆ ప్రశ్న విని ఆడవాళ్ళు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వాళ్ళని అడగని ప్రశ్న, అడిగేదేమో డాక్టరు. నిజం చెప్పేశారు. ఒకామె ఆడబిడ్డ పేరు చెప్పింది, ఒకామె బావ పేరు. ఇద్దరు బీడీ కార్ఖానా సేటు పేరు చెప్పారు. సేటు వాళ్ళ ఇంటి మనిషెట్లా అవుతాడన్న అనుమానం కూడా మా మేధావులకు రాలేదు, బుద్ధిగా రాసుకున్నారు. గాంధారి నుంచి కోడలుగా వచ్చిన ఒక పిల్ల, చంకలో పాప, "మా అత్తకే" అంది.

చివరి రోజు బడి వరండాలో మీటింగు పెట్టాం. అరటిపళ్ళు పంచుతామన్నాం కాబట్టి గల్లీ అంతా కదిలొచ్చింది. నేను వెనక హెడ్డుగారికి చేతుల కుర్చీ వెతుకుతుంటే తెలివిగలవాడు లేచి, అందరి ఆరోగ్యం కోసమంటూ ఇంటింటి వివరం చదవడం మొదలుపెట్టాడు. "మూడో ఇల్లు. కొవ్వు ఎక్కువ, అత్తగారికి. చెప్పినవారు, కోడలు. అత్తగారు నెయ్యి, వేపుళ్ళు తగ్గించాలి."

ముందు ఘొల్లున నవ్వారు. అత్త లేచి నిలబడేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆమె ఎండుపుల్లలాంటి మనిషి. ఆ ఇంట్లోకి పండక్కయినా నెయ్యి వచ్చేదో లేదో. కోడలివైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి కాగితం లాక్కున్నాను, కానీ జరగాల్సింది జరిగిపోయింది. తెల్లారేసరికి కోడలి చేటా కత్తెరా గడప బయట ఉన్నాయి. పాపను ఎత్తుకుని ఆ పిల్ల గాంధారి బస్సెక్కిందని కబురొచ్చింది.

హెడ్డుగారితో చెప్పాను. "అత్తాకోడళ్ళ తగాదాలు మన సిలబస్‌లో లేవమ్మా" అన్నాడు. ఆయనకు స్థూలకాయం దొరికింది, దాని మీద వ్యాసం కూడా రాసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మిషనును తెలివిగలవాడి భుజానికెత్తించి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆ పిల్ల మళ్ళీ ఆ గడప తొక్కకపోతే నేను చెప్పే చదువు బూడిదపాలే అనిపించింది.

గల్లీ అంతా చూస్తుండగా అత్తను మిషను మీద నిలబెట్టాను. ముల్లు కదలడానికే బద్ధకించింది. "అవ్వకు కొవ్వు లేదు. మా కాయితమే తప్పు" అని అందరికీ వినపడేట్టు చెప్పాను.

ఆమె దిగింది. "గిదేంది బిడ్డా, గీ ఇనుపబండ మీద నిలవడితే పొగరు తెలుస్తదా?"

"కాదవ్వా, నీ కోడలు అది ఒంటి కొవ్వనుకొని చెప్పింది" అని అబద్ధమాడాను.

"నీది ఏ ఊరు?"

"బీబీపేట."

"బీబీపేటోల్లకు గా మాట తెల్వదా?"

"తెలుసు."

"మరి గట్ల అడగుమని ఎందుకు తోలినవ్?"

"చదవలేదవ్వా. చదవకుండనే సంతకం పెట్టిన."

"నాకు చదువు రాదు. ఏలిముద్ర ఏసే ముంగట పక్కోల్లతోని చదివిచ్చుకుంట" అంది. తిట్టినా బాగుండేది. పక్కన తెలివిగలవాడు నేల చూస్తున్నాడు. నేనూ నేలే చూశాను, హెడ్డుగారిని ఎన్ని మాటలనుకున్నానో అన్నీ నాకే తగిలాయి.

"కోడల్ని నేనే తోల్కొస్త. తోలేసింది నేను, నువ్వు కాదు" అని ఆమె లోపలికి పోయింది. అన్నట్టే మర్నాడు వెళ్ళి తీసుకొచ్చింది.

మరుసటి ఏడు కొత్త పిల్లలతో ఆ గల్లీకి వెళ్ళాను. ఈసారి ప్రతి కాగితం రెండుసార్లు చదివాను. ఆ కోడలు గడప ముందు బీడీలు చుడుతోంది. సగానికి సగం చిక్కిపోయింది. మూడు బీడీలు చుట్టి ఆగి దగ్గుతోంది, మళ్ళీ చుడుతోంది. పక్కన కూర్చుని, ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచని మెల్లగా అడిగాను. మా విద్యార్థి చేతిలో కాగితం చూసింది, తర్వాత ఇంట్లోకి చూసింది.

"దగ్గేం లేదమ్మా. మా ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. గట్లనే రాస్కోండ్రి" అంది.