ఉడుతల మీదికి నెట్టిన తప్పు

రాజేశ్వరమ్మ తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆవిడ దగ్గర చదివి ఆవిడకి సారీ చెప్పని పిల్లాడు ఆ చుట్టుపక్కల ఉన్నాడంటే నేను నమ్మను. హోంవర్క్ చెయ్యకపోతే సారీ, ఆలస్యంగా వస్తే సారీ, స్కూలు తోటలో గులాబీ తుంచితే ప్రేయర్‌లో అందరి ముందూ నిలబడి సారీ. తను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరిని క్షమించమని అడిగిన పాపాన పోలేదు. అవసరం రాలేదని ఆవిడ లెక్క.

అమెరికాలో, శాన్ రామన్‌లో ఉన్న కూతురు భానుశ్రీ ఇంటికి ఏప్రిల్ నెలాఖరులో వచ్చింది. కూతురూ అల్లుడూ ఆఫీసులకి పోతారు, పదకొండేళ్ళ మనవరాలు దేదీప్య స్కూలుకి పోతుంది. వంటసామాన్లు పెట్టుకునే పాంట్రీలో పై అరలో దేవుళ్ళున్నారు గానీ వాళ్ళకి పెట్టడానికి పువ్వు లేదు. స్టోర్ నుంచి తెచ్చిన గులాబీలకి వాసనే లేకపోయె, అవీ ఒక పూలేనా? అందుకని పొద్దున్నే చీర మీద చలికోటు వేసుకుని, జేబులో ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టుకుని వాకింగ్‌కి బయల్దేరడం మొదలుపెట్టింది.

పక్కింటి ముందు దానిమ్మ చెట్టుంది. మొదటి రోజు కింద రాలిన మూడు పూలు ఏరుకుంది. అందులో తప్పేముంది? రెండో రోజు సైడ్‌వాక్ మీదికి వంగిన కొమ్మ నుంచి కోసింది. దారిలోకి వచ్చింది దారిన పోయేవాళ్ళది కాదూ? వారం తిరిగేసరికి లాన్‌లోకి దిగి, పైకొమ్మ వంచి మరీ కోసింది. అమ్మవారికి ఎర్రటి పూలు, శుక్రవారమైతే దోసెడు. దేవుడికే కదా అనుకుంటే మనిషి చెయ్యి ఎంత దూరమైనా సాగుతుంది. జూన్ వెళ్ళేసరికి చెట్టు బోడిగా మిగిలింది.

ఆ ఇంటావిడ పేరు జూడిత్. యూదులు వాళ్ళు. డెబ్బై ఆరేళ్ళుంటాయి, రెండేళ్ళ కిందట భర్త పోతే ఒక్కతే ఉంటోంది. జూన్ చివర్లో ఒక సాయంత్రం వచ్చి బెల్ కొట్టింది. రాజేశ్వరమ్మకి ఇంగ్లీషు చదివితే వస్తుంది గానీ అమెరికా వాళ్ళ నోట వింటే సగం ఎగిరిపోతుంది. దేదీప్య పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. ఆ చెట్టు వాళ్ళాయన నాటాడట. సెప్టెంబర్‌లో వాళ్ళ కొత్త సంవత్సరం వస్తుందట. రెండో రోజు రాత్రి భోజనానికి ముందు, ఆ ఏడు అంతవరకూ నోట పెట్టని పండు ఒకటి తింటారట. ఇరవై ఏళ్ళుగా వాళ్ళింట్లో ఆ పండు ఈ చెట్టు దానిమ్మేనట. ఈసారి ఒక్క పిందె కూడా లేదు. ఎవరైనా పూలు కొయ్యడం మీరు చూశారా అని అడుగుతోంది.

"ఉడుతలేమో అని చెప్పు," అంది రాజేశ్వరమ్మ.

దేదీప్య పాంట్రీ వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది, ఆ ఉడుతల మాటే ఇంగ్లీషులో చెప్పింది. జూడిత్ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మన టీచరమ్మ వాకింగ్ రూటు మార్చేసింది. గడుసుతనానికి తక్కువేం లేదు.

సెప్టెంబర్ మొదటి ఆదివారం జూడిత్ మళ్ళీ వచ్చింది. సోఫా అంచున కూర్చుని, దేదీప్య ఒక్కో మాటా తెలుగులో చెప్పేదాకా ఆగుతూ నెమ్మదిగా మాట్లాడింది. "మా కొత్త సంవత్సరానికి ముందు నెలంతా మాకు ఇదే పని. ఏడాదిలో ఎవరికి ఏం చేశామో వెతుక్కుంటాం. దేవుడికి చేసిన తప్పైతే దేవుణ్ణి అడగొచ్చు. మనిషికి చేస్తే ఆ మనిషినే అడగాలి. వాళ్ళు క్షమించేదాకా దేవుడు అందులో వేలు పెట్టడు."

తెలిసిపోయింది, క్షమాపణ అడగమని నాకే చెప్పడానికి వచ్చింది అనుకుంది రాజేశ్వరమ్మ.

"నేను మిమ్మల్ని అనుమానించాను," అంది జూడిత్. "పూలు కోసింది మీరేనని మా చెల్లెలితో అన్నాను. పొద్దున్నే మా ఇంటి ముందు నుంచి నడుస్తారన్నది తప్ప నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇండియన్ కాబట్టి అనేశాను. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నన్ను క్షమించండి."

"అయ్యో, పర్లేదు పర్లేదు. నో ప్రాబ్లం," అంటూ లేచి నిలబడింది రాజేశ్వరమ్మ. "కాఫీ తాగుతారా?"

మనవాళ్ళం అంతేగా. ఎవరైనా క్షమాపణ చెబితే చేత్తో పక్కకి తోసేసి కాఫీ పెడతాం.

"పర్లేదు కాదు అమ్మమ్మా," అంది దేదీప్య. "క్షమించాను అని చెప్పాలి నువ్వు. తనకి అది కావాలి."

"చెప్పానుగా పర్లేదని!"

జూడిత్ కాఫీ తాగకుండానే వెళ్ళింది. బుధవారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట, మళ్ళీ నో ప్రాబ్లం. అవతలివాళ్ళు క్షమించానని అనకపోతే వాళ్ళ పద్ధతిలో మూడుసార్లు అడగాలట. శుక్రవారం సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆ రెండు రోజులూ రాజేశ్వరమ్మకి అన్నం సయించలేదు. దీపం వెలిగించి అమ్మవారి ముఖంలోకి చూడలేకపోయింది. ఈ వయసులో దొంగతనం, పైగా అబద్ధం, ఆ పైన అవతలావిడే వచ్చి తనని బతిమాలుకోవడం. ఛీ, ఏం బతుకు అనుకుంది. నిజం చెబితే కూతురి పరువేం కాను? ఇండియన్స్ గురించి వీధంతా ఏమనుకుంటుంది? ఇలా సాకుల మీద సాకులు చెప్పుకుంది. అసలు సంగతి ఇవేవీ కావు. ఆవిడకి అడగడం చేతకాదు.

శుక్రవారం జూడిత్ వచ్చే ముందు దేదీప్య వచ్చి ఎదురుగా నిలబడింది. "అమ్మమ్మా, ఈసారి కూడా నేను ఉడుత అనే చెప్పాలా?"

దెప్పినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. రాజేశ్వరమ్మకి తల కొట్టేసినట్టయింది. అంతలో బెల్ మోగింది.

జూడిత్ మూడోసారి అడిగింది. మరి మన రాజేశ్వరమ్మ ఏం చేసిందనుకున్నారు? "ఐ ఫర్‌గివ్ యూ," అంది. సులువుగా బయటపడే దారి అదే కనబడింది. జూడిత్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రాజేశ్వరమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఈసారి ప్రార్థనకి తేలిక మనసుతో వెళ్తానని చెప్పి వెళ్ళింది. దేదీప్య తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

రాజేశ్వరమ్మ ఆ గది తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. తర్వాత చెప్పులేసుకుని, లాన్ దాటి పక్కింటి బెల్ కొట్టింది. ఇప్పుడు పక్కన మనవరాలు లేదు. జూడిత్ తలుపు తెరిచింది.

"ఫ్లవర్స్. నాట్ స్క్విరెల్. ఐ కట్," అంది రాజేశ్వరమ్మ. "ఎవ్రీ డే ఐ టుక్. ఫర్ గాడ్. అండ్ ఐ టోల్డ్ లై. చైల్డ్ ఆల్సో, ఐ మేడ్ లై. ప్లీజ్ ఫర్‌గివ్."

జూడిత్ కూడా నో ప్రాబ్లం అంటుందని ఏ మూలో ఆశ ఉంది ఆవిడకి. జూడిత్ అనలేదు. తలుపు పట్టుకుని చెట్టు వైపు చూసింది. అప్పుడు ఒక్కో మాట విడదీసి, రాజేశ్వరమ్మకి అర్థమయ్యేలా చెప్పింది.

"ఇవాళ ఆ మాట అనలేను. అన్నా నిజం కాదు. మళ్ళీ వచ్చి అడగండి."

"టుమారో?"

"రేపు మాకు విశ్రాంతి రోజు. ఆదివారం రండి." తలుపు నెమ్మదిగా వేసేసుకుంది.

రాజేశ్వరమ్మ ఇంటికొచ్చి దేదీప్య గది తలుపు తట్టింది. తలుపు సగం తెరుచుకుంది.

"నీ చేత అబద్ధం చెప్పించాను. నన్ను క్షమించమ్మా."

"ఇట్స్ ఓకే, అమ్మమ్మా."

"ఓకే అనకు. నేనూ ఆవిడతో అలాగే అన్నాను, నోరు మూయించడానికి. క్షమిస్తే క్షమించానని చెప్పు, లేకపోతే లేదని చెప్పు."

దేదీప్య గడప మీద కాలి బొటనవేలు రాస్తూ ఆలోచించింది.

"నాకు నీ మీద చాలా కోపం ఉంది," అంది. "ఇవాళ చెప్పను. నన్ను కూడా సండే అడుగు."

"అలాగేనమ్మా," అంది రాజేశ్వరమ్మ, తల ఎత్తలేక.