సైగాన్ హోటల్లో గోడ పక్క కుర్చీ

దయ్యాలు, పూనకాలు, గాలి సోకడాలు అంటే నాకు భయం లేదు, చిరాకు ఉంది. పెళ్లయిన కొత్తలో సూరత్‌లోని ఉధ్నాలో మేము అద్దెకు దిగిన గదిలో ఎవరో ఉరేసుకున్నారని, రాత్రిళ్లు మగ్గం చప్పుడు వినిపిస్తుందని చుట్టుపక్కల వాళ్లు భయపెట్టారు. గల్లీ నిండా పవర్‌లూమ్‌లు పెట్టుకుని, మగ్గం చప్పుడు కాక వీణ వినిపిస్తుందా అని అడిగాను. ఆ గదిలోనే పిల్లల్ని పెంచాను. అక్కడ మమ్మల్ని పీడించింది ఇంటి ఓనరు ఒక్కడే.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి "ఈమెకు మొదటి నుంచీ ఆ పిచ్చి ఉన్నట్టుంది" అని ఎవరూ తేల్చేయకూడదు. నేను బీకాం చదివిన మనిషిని. లెక్క కుదరకపోతే నిద్ర పట్టదు. ఈ ఒక్క లెక్క ఎంతకీ కుదరడం లేదు. అందుకే ఇంత కోపం.

మేముండేది గోడాదరాలో. సూరత్‌లో మన తెలుగోళ్ల ఇళ్లల్లో పెళ్లయినా, పురుడైనా, గృహప్రవేశమైనా వంట పని చాలావరకు నాకే వస్తుంది. అందులో చేపల పులుసుకు నాకు పేరుంది. ఊరి అవతల కామ్‌రేజ్ నుంచి కూడా వచ్చి బతిమాలుకుని పోతారు. గొప్ప కోసం చెప్పడం లేదు, నాకు ఏం పోయిందో మీకు తెలియాలని చెప్తున్నాను.

మూడేళ్ల కింద ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ నా ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయింది. వాసన లేదు, రుచి లేదు. ఇడ్లీ అంటే తడి దూది, చారు అంటే వేడి నీళ్లు. మిరపకాయ కొరికితే మంట తెలిసేది, కారం తెలిసేది కాదు. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకర్థం కాలేదు.

ఒక ఎండాకాలం పెళ్లిలో పప్పు పులిసిపోయింది. నేనే గరిటెతో నోట్లో వేసుకుని, బాగుంది వడ్డించండి అన్నాను. మొదటి పంక్తిలోనే పెళ్లికొడుకు మేనమామ విస్తరి పక్కకు నెట్టి నా వంక చూశాడు. ఆ చూపు ఇంకా ఒంటి మీదే ఉంది.

ఆ రోజు నుంచి మా కోడలు లావణ్య రుచి చూసి చెప్పడం మొదలైంది. మంచి పిల్లే. సూరత్‌లోనే పుట్టి పెరిగింది కాబట్టి ఉప్పును కూడా గుజరాతీలో అంటుంది, "అత్తమ్మా, మీఠు జర తక్కువైంది" అని. కానీ నేను వండిన గంజు ముందు నేనే నిలబడి, ఇంకొకరి నోరు ఏం చెప్తుందో అని ఎదురుచూడడం ఎట్లా ఉంటుందో వంట చేసేవాళ్లను అడగండి, చెప్తారు.

మా ఆయనది ఉధ్నాలో నూలు దుకాణం. పోయిన ఏడాది ఆయనకు సరుకు ఇచ్చే కంపెనీ డీలర్లందరినీ భార్యలతో సహా వియత్నాం తీసుకుపోయింది. నేను రానని కొట్లాడాను. పైగా లావణ్య నా ఫోన్‌కు వీడియోలు పంపడం మొదలుపెట్టింది. వియత్నాం పోతే తప్పక తినాల్సిన హోటళ్లు, జన్మలో మరిచిపోలేని హోటళ్లు, ఇవే. గుడ్డిదాన్ని బొమ్మల సినిమాకు పంపుతున్నావా అని అరిచాను.

"కాదత్తమ్మా, కొత్త తిండి తింటే నాలిక లేస్తదేమో అని," అంది. ఏడుపు మొహం పెట్టింది. సరేనన్నాను.

టూర్‌లో మేమిద్దరం తప్ప అందరూ గుజరాతీలే. వెంట ఒక మహారాజ్ వచ్చాడు. మహారాజ్ అంటే రాజు కాదు, వంటాయన. పెట్టెల నిండా థేప్లా రొట్టెలు, కిచిడీ సామాను, కుక్కర్లు మోసుకొచ్చాడు. అన్ని సముద్రాలు దాటిపోయి వాళ్లు మూడు పూటలా కిచిడీయే తిన్నారు. మా ఆయన మాత్రం లావణ్య పంపిన హోటళ్లు వెతుక్కుంటూ నన్ను ఈడ్చుకుపోయాడు. నది మీద పడవ హోటల్ ఒకటి. దీపాలు, పాటలు, పువ్వుల్లా చెక్కిన కూరగాయలు. నాకు చల్లటి జిగురు కొంత, వేడి జిగురు కొంత దొరికింది. ఇంకోచోట ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ పీటల మీద కూర్చోబెట్టి పెద్ద గిన్నెల్లో సేమ్యాలు పోశారు. ఆయన "అబ్బా" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది.

చివరి రోజు సైగాన్‌లో ఉన్నాం. సాయంత్రం విమానం. మధ్యాహ్నం బజారుకు వెళ్తే కుండపోతగా వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి ఒక గల్లీ హోటల్లోకి ఎక్కాం. ఇది లావణ్య వీడియోల్లో లేదు. కిటకిటలాడుతోంది. మా ఆయనకు నలుగురి మధ్య ఒక పీట దొరికింది. నాకు దొరకలేదు.

వెనక గోడను ఆనుకుని ఒక చిన్న బల్ల, ఒక చెక్క కుర్చీ ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద బోర్లించిన గిన్నె, చెంచా, టీ గ్లాసు. పైన అరలో ఒక ముసలామె ఫోటో. మన దుకాణాల్లో దండేసిన తాతల ఫోటోలుండవా, అట్లాంటిదే అనుకున్నాను.

"అక్కడ కూసోకే. అగర్బత్తి వాసనొస్తంది. ఏదో పూజ జాగ లెక్కుంది," అన్నాడు మా ఆయన.

"వాసనొచ్చినోళ్లు నిలబడున్రి," అని నేను కూర్చున్నాను.

అది తప్పే. మన ఇళ్లల్లో పెత్రామాస నాడు పోయినవాళ్లకు విస్తరి వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టి, తర్వాతే కదా మనం తింటాం. ఆ విస్తరి ముందు ఎవడైనా పరాయివాడు వచ్చి కూర్చుంటే నేను ఊరుకుంటానా? కానీ ఆ అగర్బత్తి వాసన నాకు తగల్లేదు. తగిలి ఉంటే కూర్చునేదాన్ని కాదు. అంతే.

వడ్డించే ఆవిడ పరిగెత్తుకొచ్చి చేతులు ఊపింది. లే అన్నట్టు. నేను హిందీలో అడిగాను, ఖాళీగానే ఉంది కదా, ఏం అరిగిపోతుందని. ఆవిడ తన భాషలో గట్టిగా అంది. నేనూ గొంతు పెంచాను. జనరల్ డబ్బాలో సూరత్ నుంచి కాజీపేట దాకా సీటు కోసం కొట్లాడిన మనిషిని, నన్ను లేపడం అంత సులువా. హోటలంతా మా వైపు తిరిగింది. మా ఆయన తల దించుకున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి ఒక ముసలామె వచ్చింది. ఫోటోలో మనిషి కాదు, పోలికలు మాత్రం ఉన్నాయి. నా మొహం వంక కాసేపు చూసింది. ఏమనుకుందో, బోర్లించిన గిన్నె తిప్పి, లోపలికి తీసుకుపోయి నిండా పోసుకొచ్చి నా ముందు పెట్టింది. పక్కన పచ్చి ఆకులు ఒక పళ్లెంలో పెట్టింది.

చేపల పులుసు. చింతపండుది. అందులో టమాటా, బెండకాయ, అనాసపండు ముక్కలు.

చెంచా నోట్లో పెట్టుకున్నాను. పులుపు తగిలింది.

పులుపు అంటే గొంతులో గీరుకోవడం కాదు, చింతపండు పులుపే. తర్వాత బెల్లం లాంటి తీపి, చేప, కాల్చిన వెల్లుల్లి ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. మీరైతే ఏడ్చేవారేమో. నాకు కోపమొచ్చింది. ఎందుకంటే ఆ పులుసులో ఒకటి తక్కువైంది. రెండేళ్ల తర్వాత నోటికి తగిలిన మొదటి ముద్ద, అదీ సగం వంట!

పళ్లెంలో ఆకులు ఒక్కొక్కటి తుంచి నమిలాను. ఇది కాదు, ఇదీ కాదు. ముసలామెను పిలిచి, గిన్నె చూపించి, ఇందులో ఒక ఆకు వేయలేదు అని హిందీలో కేకలేశాను. జీలకర్ర, నిమ్మకాయ కలిపి నలిపినట్టు ఉండాలి, ఏది అని. వడ్డించే ఆవిడ తన ఫోన్ ముందు పెట్టింది. నేను హిందీలో అన్నది అందులోంచి వాళ్ల భాషలో వచ్చింది.

ముసలామె మొదట మండిపడింది. నామీద కాదు, వడ్డించే ఆవిడ మీద. ఆకు సంగతి నువ్వు చెప్పావా అని నిలదీసినట్టుంది. ఆమె లేదని ఒట్టేసినట్టు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఫోన్ నావైపు తిరిగి హిందీ పలికింది. "మీరు ఇంతకుముందు ఇక్కడ తిన్నారా?"

"ఈ దేశం మొహమే ఇప్పుడు చూస్తున్నాను," అన్నాను.

ముక్కలు ముక్కలుగా ఫోన్ చెప్పింది ఇదీ. ఆ ఆకు వరి మళ్లలో పెరుగుతుంది. పొద్దున్నుంచీ వాన కాబట్టి తెచ్చే మనిషి రాలేదు. అది లేకుండానే వండారు. పొద్దున్నుంచి తిన్న ఒక్కరూ పోల్చుకోలేదు. ఫోటోలో ఉన్నది ఆమె అక్క, ఈ హోటల్ పెట్టిన మనిషి. రోజూ మొదటి గిన్నె ఆ కుర్చీలో కూర్చుని తిని, ఏం తక్కువైందో చెప్పేదట. ఆమె చెప్పాకే హోటల్ తెరిచేవారట. పోయాక ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదట.

నేను లేచాను. మా ఆయన పీట మీద కూర్చుని ఆయన గిన్నెలోంచి అదే పులుసు తాగాను. వేడి నీళ్లు. మళ్లీ కుర్చీలోకి వచ్చాను. పులుపు. ఆయన్ను పిలిచి, కళ్లు మూసుకుంటాను, చెంచాలో ఏదో ఒకటి పెట్టు అన్నాను. నిమ్మరసం, ఉప్పు, చక్కెర, చేపల సాస్. కుర్చీలో ఉన్నంతసేపూ ఒక్కటీ తప్పు చెప్పలేదు. పీట మీద ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆయన అబద్ధం చెప్పే రకం కాదు, అంత తెలివి లేదు. కావాలంటే అడగండి.

"లేవవే ఇగ, నాకు భయమైతంది," అన్నాడు.

ముసలామె మాత్రం ఇంకో పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నేను గిన్నె ఖాళీ చేసేదాకా కదల్లేదు. మళ్లీ పోసింది. వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఒక్క మాట చెప్పించింది. "మా అక్కకు కూడా ఇట్లాగే కోపమెక్కువ."

టూర్ మేనేజర్ మీద పడి, నేను ఇంకొక రోజు ఉంటానని రచ్చ చేశాను. టికెట్ మారదన్నాడు. విమానంలో తిన్నది మళ్లీ తడి దూదే.

సూరత్ వచ్చిన కొన్ని వారాలకు, ఒక పొద్దున చాయ్‌లో అల్లం తగిలింది. తర్వాత ఉప్పు, తర్వాత అన్నీ. లావణ్య నన్ను పట్టుకుని గంతులేసింది. ఆ రోజే చేపలు తెప్పించి పులుసు పెట్టాను. గరిటెతో నోట్లో వేసుకుని ఉమ్మేశాను.

అది నా పులుసు కాదు. చింతపండు మొద్దుగా ఉంది, మెంతులు ముతకగా ఉన్నాయి, పైగా ఒకటి తక్కువగా ఉంది. లావణ్య రుచి చూసి, "ఎప్పటి లెక్కనే ఉంది అత్తమ్మా," అంది. మా ఆయన రెండుసార్లు పోయించుకున్నాడు.

తక్కువైంది ఏమిటో నాకు తెలుసు. జీలకర్ర, నిమ్మ కలిపి నలిపినట్టు ఉండే ఆకు. ఒక్క సంగతి ఆలోచించండి. ఆ ఆకు ఆ రోజు సైగాన్‌లో నా గిన్నెలో లేదు. అంటే నా జన్మలో నేను దాన్ని తినలేదు. తినని ఆకు నా నోటికి ఎట్లా గుర్తుంది?

డాక్టరును అడిగాను. జ్వరం తర్వాత పోయిన రుచులు తిరిగొచ్చేటప్పుడు మారి వస్తాయి, మామూలే అన్నాడు. మరి ఆకు సంగతేమిటి అన్నాను. నెక్స్ట్ అని బయటికి కేకేశాడు.

మొన్న గోడాదరాలో ఒక పెళ్లి. పెద్ద గంజు నిండా చేపల పులుసు. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి ఉండగా లావణ్య గరిటె నాకు అందించింది. "ఇగ మీ నోరు మీకొచ్చింది గదా, మీరే చూడున్రి అత్తమ్మా," అంది. దాని మొహంలో ఎంత సంతోషమో.

నోట్లో వేసుకున్నాను. నా నాలుక ప్రకారం ఆ గంజు పారబోయాలి. నా నాలుక ప్రకారం సరిచేస్తే పెళ్లివాళ్లు పారబోస్తారు.

"బాగుంది. దించు," అన్నాను.

వంట విషయంలో నేను తెలిసి ఆడిన మొదటి అబద్ధం అది. పంక్తిలో అందరూ మళ్లీ మళ్లీ పోయించుకున్నారు, చేతులు కడుక్కుంటూ నన్ను మెచ్చుకుని పోయారు. నేను గంజు పక్కన నిలబడి పళ్లు కొరుక్కున్నాను. నా నోట్లో కూర్చుని రుచి చూస్తున్నది ఎవరో నాకు తెలియదు. ఎవరి మీద అరవాలో తెలిస్తే ఈపాటికి అరిచేదాన్నే.